పటేలు వంటింట్లోకి వచ్చిన చిన్న బాయిలర్

2010 సెప్టెంబరులో నేను మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైసు మిల్లులో ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంటుగా ఉన్నాను. అప్పుడు మిల్లు బందు. ఏడాదికొకసారి బాయిలర్ చల్లార్చి, మూతలన్నీ విప్పి, లోపల గీకి శుభ్రం చేసి పెడితే బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఆయన సర్టిఫికెట్ ఇచ్చేదాకా నిప్పు పెట్టకూడదు. అట్లా ఇన్‌స్పెక్షన్‌కు తయారవుతున్న రోజుల్లో మా మిల్లు యజమాని నాకు ఇంకొక డ్యూటీ వేశాడు. ఆయన కోడలు ఇంట్లోకి ఎస్ప్రెస్సో కాఫీ మిషన్ కొంటానంటోంది. వెంట వెళ్లి మంచిది ఎంచుకొని రావాలి.

నాకు కాఫీ తెలియదు. నేను పుట్టింది మోతె దగ్గర ఊళ్లో, గొర్ల మందలు కాసుకునే ఇంట్లో. మేం తాగితే పాలు, లేకపోతే చాయ్. నాకు తెలిసినవి నీళ్లు, నిప్పు, ప్రెషర్. ఈ మూడూ తెలిసినవాడికి ఈ పని ఎందుకు ఇచ్చారో ముందు చెప్పాలి.

వడ్లను ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి మర ఆడిస్తే వచ్చేదే బాయిల్డ్ రైసు. ఆ ఆవిరి ఇచ్చేది బాయిలర్. మాది ఊకతో మండేది. దాని దగ్గర పనిచేసేవాళ్లలో అందరికంటే కింద ఊక ఎత్తేవాడు, వాడి పైన ఫైర్‌మన్, ఆ పైన సెకండ్ క్లాస్ అటెండెంటు, అందరి పైన ఫస్ట్ క్లాస్. బాయిలర్ స్టీములో ఉన్నంతసేపు సర్టిఫికెట్ ఉన్న మనిషి దాని కళ్ల ముందు ఉండి తీరాలి. అది చట్టం. నేను ఊక ఎత్తడం నుంచి మొదలుపెట్టి ఆ పైమెట్టు దాకా వచ్చాను. మధ్యలో అడ్డం పడింది అక్షరాలు. అటెండెంటు అన్నవాడు గంటగంటకూ ప్రెషర్ ఎంత, నీటిమట్టం ఎంత అని రాయాలి. నాకేమో వేలిముద్ర తప్ప ఏమీ రాదు. ముప్పై ఏళ్లు దాటాక మా కాంటా గుమస్తా దగ్గర నేర్చుకున్నాను. పలక కొనుక్కోవడానికి సిగ్గయ్యేది. ఊక బూడిద నేల మీద పరిచి వేలితో దిద్దేవాణ్ని. బూడిద మెత్తగా ఉంటుంది, తప్పు రాస్తే అరచేత్తో తుడిచేయొచ్చు. అట్లా నేర్చుకున్న అక్షరాలతోనే రెండు పరీక్షలూ పాసయ్యాను. ఇది చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఇక కాఫీ మిషన్ సంగతి. యజమానిని మేమంతా పటేలు అనే పిలిచేవాళ్లం. తాతల నాటి వ్యవసాయం ఉంది, దాని మీద మిల్లు, సూర్యాపేటలో హైవే పక్కన పెట్రోలు బంకు. ఆయన కోడలు శిరీషమ్మది కోదాడ. హైదరాబాదులో హోటల్ పని చదువుకొని, పెళ్లికి ముందు ఒక కాఫీ షాపులో పనిచేసి వచ్చింది. బంకు ఆవరణలో రోడ్డు వైపు ఒక గది ఖాళీ అయితే, అందులో కాఫీ దుకాణం పెడతానని మామను అడిగింది. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే కార్లు సగం దారిలో ఆగేది సూర్యాపేటలోనే కాబట్టి ఆమె ఆలోచన తప్పు కాదు. కానీ ఆ గది కోసం టైర్ల వ్యాపారి ఒకాయన అప్పటికే తిరుగుతున్నాడు. కాఫీ తాగడానికి కారు ఆపుతారంటే పటేలు నమ్మలేదు. కొడుకు అటు తండ్రికీ ఇటు భార్యకూ చెప్పలేక వడ్ల కొనుగోళ్లని నేరేడుచర్ల వైపు వెళ్లిపోయాడు.

చివరికి పటేలు ఒక షరతు పెట్టాడు. అది నా ముందే పెట్టాడు కాబట్టి ఆయన మాటలే రాస్తున్నాను.

"నేను చిన్నప్పటిసంది చాయ్ తాగేటోణ్ని. నాతోని నీ కాఫీ రెండోసారి అడిగించు. ఇన్‌స్పెక్షన్ అయ్యేలోపల అడిగిస్తే గది నీది. లేకుంటే టైర్లాయనది."

కోడలు సరేనంది. కానీ పటేలు భార్య, మేం పెద్దమ్మ అంటాం, ఆమె అడ్డం పడింది. ఒకప్పుడు ఆ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పేలి మూత పైకప్పుకు తగిలింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి వంటింట్లో విజిల్ వేసే సామాను ఏదీ ఉండటానికి వీల్లేదని ఆమె పట్టుబట్టింది. ఆవిరి చిమ్మే మిషన్ అనగానే ఇంకా భయపడింది. ఎవరు చెప్పినా వినకుండా ఆఖరికి, "మల్లయ్య పోయి సూడాలె. మల్లయ్య సై అంటెనే అది ఇంట్లకొస్తది" అని తేల్చేసింది. మిల్లు ఉన్న ఆవరణలోనే వాళ్ల ఇల్లు. అన్నేళ్లుగా బాయిలర్ పక్కనే నిద్రపోతున్న మనిషి ఆమె. ఆ మాట నాకు ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ కంటే తక్కువేమీ కాదు.

మర్నాడే కారులో సూర్యాపేట బయలుదేరాం. దారిలో శిరీషమ్మ నన్ను "మల్లయ్యగారూ" అని పిలిచింది. మిల్లులో నన్ను గారూ అన్నవాళ్లు లేరు. డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

సూర్యాపేటలో హోటళ్లకు సామాను అమ్మే దుకాణం ఒకటి. పెళ్లిళ్లలో పాలు నురగ కొట్టే పెద్ద రాగి మిషన్లు బయట వరుసగా ఉన్నాయి. ఇంట్లో పెట్టుకునేవి లోపల మూడు రకాలు. ఒకటి చిన్నది, చవకది. నీళ్లు పోసి మూత బిగిస్తే లోపల మరిగి, ఆ ఆవిరి బలంతోనే నీళ్లు కాఫీ పొడిలోంచి దిగుతాయి. రెండోది నల్లగా మెరుస్తున్నది. గింజలు పోసి బటన్ నొక్కితే అన్నీ అదే చేసుకుంటుందట. మూడోది స్టీలుది. పొడిని పిడి ఉన్న గిన్నెలో చేత్తో నొక్కి బిగించాలి. పక్కన పాలకు ఆవిరి గొట్టం, పైన చిన్న గడియారంలాంటి ప్రెషర్ గేజి.

నాకు ఇంగ్లీషు చదవడం రాదు కానీ మిల్లులో మీటర్ల మీద ఉండే అక్షరాలు వచ్చు. మూడోదాని మీద పదిహేను బార్ అని ఉంది. నేను చూసిన మొదటి సంగతి అదే. మా బాయిలర్ నడిచేది పది కేజీల ప్రెషర్ మీద. బార్ అన్నా కేజీ అన్నా ఇంచుమించు ఒకటే. అంటే నాలుగు గోడల మధ్య, ఊరికి దూరంగా, సర్టిఫికెట్ ఉన్న మనుషుల చేతిలో నడిచేదానికి పది. వంటింట్లో చక్కెర డబ్బా పక్కన పెట్టేదానికి పదిహేను.

దీని సేఫ్టీ వాల్వు ఎక్కడుందని దుకాణదారును అడిగాను. నీటిమట్టం ఎట్లా కనిపిస్తుందన్నాను. ఎంత ప్రెషర్ దాకా నీళ్లు కొట్టి టెస్టు చేశారో కాగితం ఉందా అని అడిగాను. అతను కాసేపు ఓపికపట్టి, "కాకా, ఇది కాఫీ మిషన్. మీరు రైసుమిల్లు కొనతానికి వచ్చినట్టున్నది" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా పెద్దగా బాధపడలేదు. నవ్వినంతమాత్రాన జవాబు వచ్చినట్టు కాదు కాబట్టి మళ్లీ అడిగాను.

జవాబు శిరీషమ్మ చెప్పింది. "మల్లయ్యగారూ, ఆ పదిహేను ఆవిరిది కాదండి. లోపల బాయిలర్‌లో ఉండేది కొంచెమే. నీళ్లని పొడిలోకి నెట్టడానికి వేరే పంపు ఉంటుంది, పదిహేను దాని బలం. కాఫీకి వచ్చేసరికి అదీ తగ్గుతుంది."

అంతే, నాకు మొత్తం అర్థమైంది. మా బాయిలర్‌కూ ఫీడ్ పంపు ఉంది. లోపల పది కేజీల ఆవిరి ఉంటే, దాన్ని ఎదిరించి నీళ్లు లోపలికి పంపాలంటే పంపుకు పది కంటే ఎక్కువ బలం ఉండాలి. పంపు బలం వేరు, ఆవిరి బలం వేరు. పంపు ఆగితే ఆ బలం అక్కడే చచ్చిపోతుంది. ఆవిరి బలం అట్లా చావదు, మనుషుల్ని చంపేది అదే. ఆమె ఒక్క మాటలో చెప్పింది, నేను ఒక్క మాటలో పట్టుకున్నాను. ఇద్దరం చదివిన చదువులు వేరైనా అవి కలిసే చోటు అక్కడ దొరికింది. ఆ తర్వాత ఎంపిక ఇద్దరి పని అయింది.

చవకది వద్దన్నాను. అందులో ఆవిరే నీళ్లను నెట్టాలి కాబట్టి నీళ్లు అవసరానికి మించి కాగుతాయి. వడ్లకు ఆవిరి ఎక్కువైతే బియ్యం ఎర్రబడి వాసన వస్తుంది. పొడికీ అదే గతి అనుకున్నాను. మాడిన రుచి వస్తుందని ఆమె చెప్పింది. బటన్ల దాని దగ్గర ఆమె కాసేపు ఆగింది. రేపు దుకాణంలో పనివాళ్లకు సులువు కదా అంది. నేను దాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాను. విప్పడానికి ఒక్క మర కూడా పైకి కనిపించలేదు. విప్పలేని బాయిలర్‌ను నేను నమ్మనని చెప్పాను. దుకాణదారు దాన్ని అమ్మాలని గట్టిగా ఉన్నాడు, ఎందుకు విప్పాలి, పాడైతే కంపెనీకి పంపితే వాళ్లే చూస్తారన్నాడు. పాడయ్యాక విప్పేది రిపేరు, పాడు కాకముందు విప్పేది మా పని అన్నాను. శిరీషమ్మ ఇంకొంచెం ఆలోచించి, మామయ్యతో రెండోసారి అడిగించాలంటే బటన్ చేసే కాఫీ చాలదు, తన చేతిలో ఉండాలి అంది. స్టీలుదే మిగిలింది.

అయినా నేను వెంటనే సై అనలేదు. నీళ్లు పోయించి వేడెక్కించమన్నాను. పిడి గిన్నెలో పొడి బదులు రంధ్రం లేని రబ్బరు బిళ్ల వేయించి పంపు వేయించాను. దారి పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుందో చూడాలి. గేజి ముల్లు పైకి పోయి ఒక చోట ఆగింది. నెట్టిన నీళ్లు లోపలి వాల్వు గుండా వెనక తొట్టిలోకి తిరిగి పడ్డాయి. అది నేను చెవి పెట్టి విన్నాను. ఆ తర్వాత బాయిలర్ మీది సేఫ్టీ వాల్వు చూపించమన్నాను. దుకాణదారు ఈసారి నవ్వలేదు, పైమూత విప్పి వేలితో చూపించాడు. వేరుశనగ గింజంత ఉంది, కానీ ఉంది. వాషరు ఊడదీసి మార్చుకోవచ్చు. అప్పుడు శిరీషమ్మతో, "తీసుకో చిన్నమ్మా, పెద్దమ్మకు నేను చెప్త" అన్నాను.

అక్కడి నుంచి హైవే మీదే కోదాడ వెళ్లాం. ఆమెకు పుట్టింట్లో ఒకసారి చేసి చూసుకోవాలని ఉంది. వాళ్లమ్మ పెరట్లో కుళాయి నీళ్లు పట్టి తెచ్చింది. మొదటిది కొంచెం పులిసినట్టు వచ్చింది, రెండోది కుదిరింది. చిన్న కప్పులోకి తేనె కారినట్టు కారింది. నాకూ ఇచ్చారు. చేదుగా ఉంది కానీ ఆ చేదు గొంతు దిగాక మంచి వాసన మిగిలింది. వాళ్లమ్మ పాలు కలిపించుకొని తాగి, మళ్లీ కప్పు చాపి, "మీ మామగారు ఇది వద్దంటే ఆయనకి నాలుకే లేదనుకో" అంది. కారెక్కేటప్పుడు శిరీషమ్మ ముఖం చూస్తే గది తాళంచెవి చేతికి వచ్చినట్టే ఉంది.

మిర్యాలగూడలో మిషన్ పెట్టిన రోజు నేను పక్కనే నిలబడ్డాను. పెద్దమ్మ గడప అవతల నుంచే చూసింది. గేజి చూపించి, ఈ ముల్లు ఈ గీత దాటదు, దాటితే ఇదిగో ఇక్కడ నుంచి ఆవిరి పోతుందని చెప్పాను. ఆమె గడప లోపలికి వచ్చింది.

అప్పుడు పటేలు ఒక హుకుం ఇచ్చాడు. మిషన్‌లో మిల్లు సాఫ్ట్‌నర్ నీళ్లు తప్ప వేరేవి పోయొద్దు. దీనికి కారణం ఉంది. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మరిగిస్తే అది గొట్టాల లోపల రాయిలా గడ్డకడుతుంది. ఒకసారి పటేలు పాత బాయిలర్‌కు అట్లా రాయి పట్టి ట్యూబు ఉబ్బి, పంట వచ్చే కాలంలో మిల్లు ఆగిపోయింది. ఆ తర్వాత సాఫ్ట్‌నర్ పెట్టించాం. అందులో ప్లాస్టిక్‌లాంటి సన్న గింజలు ఉంటాయి, ఉప్పునీటితో కడిగిన ఆ గింజల గుండా బోరు నీళ్లు పంపితే సున్నం అక్కడే ఆగిపోతుంది. నీళ్లలో రంగు చుక్క వేసి చూస్తే ఎర్రబడితే సున్నం ఉన్నట్టు, నీలంగా ఉంటే లేనట్టు. మా నీళ్లు ఎప్పుడు చూసినా నీలం. మిల్లువాళ్లం ఆ నీళ్లను తీర్థం లెక్క చూసేవాళ్లం. పటేలు ఇంట్లో గీజరుకు కూడా అవే. కాబట్టి ఆ హుకుం నాకు వింతగా తోచలేదు. పైగా ప్రతి పొద్దునా నేనే డబ్బా నింపి, రంగు చూసి మోసుకొచ్చాను.

కాఫీ చెడింది. మొదటి కప్పు పటేలు ఒక గుక్క తాగి కిటికీలో పెట్టాడు. "ఇదేంది, సోడా ఉప్పు నీళ్లల్ల బొగ్గు కలిపినట్టున్నది" అని చాయ్ పెట్టమన్నాడు. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు కప్పు ముట్టుకోనేలేదు. శిరీషమ్మ పొడి సన్నగా చేసి చూసింది, దొడ్డుగా చేసి చూసింది, గట్టిగా నొక్కింది, మెల్లగా నొక్కింది. కొత్త గింజలు తెప్పించింది. ఎన్ని చేసినా అదే చప్పదనం, నాలుక మీద సబ్బు రాసినట్టు. కోదాడలో కుదిరిన చేయి ఇక్కడ ఎందుకు కుదరడం లేదో ఆమెకు అర్థం కాలేదు. ఈలోగా టైర్ల వ్యాపారి టేపు పట్టుకొచ్చి గది కొలుచుకొని పోయాడని బంకు నుంచి కబురు వచ్చింది. ఆ రోజు ఆమె మిషన్ ముట్టుకోలేదు. పెద్దమ్మే నన్ను పిలిచి, "నువ్వు సై అన్న మిషనే కద మల్లయ్యా, గిట్లెందుకైతుంది" అని అడిగింది.

నేను పేలుతుందా పేలదా చూశాను, రుచి నా డ్యూటీ కాదు అని చెప్పి తప్పుకోవచ్చు. కానీ నేను ఎంచిన మిషన్ పని చేయడం లేదంటే అది నా పనే.

బాయిలర్ విషయంలో మాకు ఒక పద్ధతి నేర్పారు. నిన్న బాగా నడిచింది ఇవ్వాళ నడవకపోతే, ముందుగా దేన్నీ విప్పొద్దు. నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఏం మారిందో అడుగు. ఊక మారిందా, మనిషి మారాడా, గాలి మారిందా, నీళ్లు మారాయా. నేను బాయిలర్ డ్రమ్ములో కూర్చొని రాయి గీకుతూ అదే లెక్క ఈ చిన్నదానికి వేశాను. మిషన్ అదే, చేయి అదే. గింజలు కోదాడవీ చెడ్డవి కావు, కొత్తవీ చెడ్డవి కావు. గీకిన రాయి పొడి నా ఒళ్లో పడుతోంది. మారింది నీళ్లు.

డ్రమ్ములోంచి బయటికి వచ్చి, ఒంటి మీది రాయి పొడి కూడా దులుపుకోకుండా ఇంటికి పోయాను. "కోదాడల ఏ నీళ్లు పోసినవ్ చిన్నమ్మా" అని అడిగాను. కుళాయివి అంది. ఆ మాట అంటూనే చేతిలో గిన్నె పక్కన పెట్టింది. శిక్షణలో నీళ్ల గురించి చెప్పారనీ, నీళ్లలో కొద్దిగా సున్నం లేకపోతే పొడిలోని రుచి దిగదని చెప్పారనీ ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. హైదరాబాదు షాపులో నీళ్లు ఎవరో చూసుకునేవాళ్లు కాబట్టి ఎప్పుడూ ఆలోచించే అవసరం రాలేదట. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి దాని స్థానంలో ఇంకొక ఉప్పును వదులుతుంది. అది ఇనుముకు ఏమీ చేయదు, నాలుకకు సోడాలా తగులుతుంది. పటేలు మొదటి రోజు అన్నది నిజమే. ఆయన నాలుక మాకంటే ముందే కనిపెట్టింది, మేం తిట్టనుకున్నాం.

సాగర్ కాలువ నీళ్లు శుభ్రం చేసి మిర్యాలగూడ కుళాయిల్లో వదులుతారు. ఒక చెంబెడు తెచ్చి రంగు చుక్క వేశాను. ఎర్రబడింది, కానీ ఎక్కువ ఎరుపు కాదు. బోరు నీళ్లంత సున్నం లేదు, సాఫ్ట్‌నర్ నీళ్లలా ఖాళీ కూడా కాదు. ఆమె ఆ నీళ్లతో చేసింది, తాగింది, కప్పు నాకిచ్చింది. కోదాడ వాసన వచ్చింది.

ఇక మిగిలింది పటేలు హుకుం. ఆయన మాట కాదని నీళ్లు మార్చి, తెలిసిన రోజున గొడవ పెట్టుకోవడం శిరీషమ్మకు ఇష్టం లేదు. మామయ్య మాట తీసేసినట్టవుతుందండి అంది. మిషన్ డ్యూటీ నాది కాబట్టి నేనే అడుగుతానన్నాను. మిల్లు ఆఫీసులో ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పోయి చెప్పాను.

"రాయి కడితే?" అన్నాడు పటేలు.

"కడితే కడగాలె పటేలా. మన బాయిలర్ ఏటేటా ఎందుకిప్పుతున్నం? సాఫ్ట్‌నర్ నీళ్లు పోసినా ఇంత రాయి ఎల్లుతలేదా? దీనికి నిమ్మ ఉప్పు నీళ్లు పోసి నేనే కడుగుత."

"మిషన్ ఖరాబైతే?"

"మిషన్ బాగుండి కాఫీ ఖరాబైతే ఇంట్ల ఎందుకది? బాయిలర్ మనం సూసి మురిసేటందుకు పెట్టినమా, వడ్లు ఉడికేటందుకు పెట్టినమా?"

మిల్లులో ఆయన ముందు అట్లా మాట్లాడిన వాళ్లు తక్కువ. నేను మాత్రం ఎప్పుడూ అట్లాగే మాట్లాడాను, బాయిలర్ దగ్గర మెత్తని మాటలు పనికిరావు. ఆఖరికి, "సరే. నీ సర్టిఫికెట్ మీద" అన్నాడు. మా దగ్గర ఆ మాటకు బరువు ఉంది. ఏం జరిగినా జవాబుదారీ నాదని అర్థం.

ఇన్‌స్పెక్టర్ వచ్చింది ఆ తర్వాతి రోజే. హైడ్రాలిక్ టెస్టు అంటే బాయిలర్ నిండా చల్లటి నీళ్లు నింపి, చేతి పంపుతో నడిచే ప్రెషర్ కంటే పైకి ఎక్కించి, ముల్లు కదలకుండా నిలుస్తుందో లేదో చూడటం. ఎక్కడైనా చెమర్చితే తెలిసిపోతుంది. పంపు నేనే కొట్టాను. ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి ప్రతి అతుకూ చూశాడు, చిన్న సుత్తితో తట్టి శబ్దం విన్నాడు. ముల్లు నిలిచింది. నీటి చుక్క రాలలేదు. ఇంత శుభ్రంగా గీకిన డ్రమ్ము ఈ వైపు మిల్లుల్లో చూడలేదని పటేలుతో అన్నాడు. నేను ఉన్నానని తెలిసే అన్నాడు.

తర్వాత అందరం ఇంటి వరండాలోకి వచ్చాం. శిరీషమ్మకు అది చివరి అవకాశం. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కానీ ఆ రోజు ఇంకా దాటలేదు, సాయంత్రం టైర్ల వ్యాపారి కాగితాలు రాసుకోవడానికి వస్తానన్నాడు. ఆమె కుళాయి నీళ్లతో మిషన్ నింపింది. కాఫీ చేసి, పాలు నురగ తేలేలా ఆవిరి పట్టి, ఇన్‌స్పెక్టర్‌కు, మామకు, నాకు ఇచ్చి తలుపు పక్కన నిలబడింది. ఇన్‌స్పెక్టర్ బాగుందని చెప్పి, వేరే మిల్లుకు వెళ్లాలని లేచాడు. ఆయనను జీపు దాకా సాగనంపి వచ్చేసరికి పటేలు కప్పు ఖాళీ చేసి, అడుగున ఏముందో అన్నట్టు దాంట్లోకి చూస్తున్నాడు. ఆయన అడగడని నాకు తెలుసు. ఒకసారి షరతు పెట్టిన మనిషి ఓడిపోయానని నోటితో చెప్పడు.

కాసేపటికి, "మల్లయ్యకు ఇంకోటి పొయ్యి. పొద్దటిసంది పంపు కొట్టిండు" అన్నాడు.

ఆమె ఇంకొకటి చేసి తెచ్చి నా ముందు పెట్టింది. నాకు ఒకటి చాలు, వద్దన్నాను. నిజంగానే వద్దు. వేరే ఎవరికి కావాలో కూడా నాకు తెలుసు.

"చేసింది పారబోస్తరా" అని పటేలు ఆ కప్పు తన వైపు లాక్కొని తాగాడు. చివరి గుక్క దాకా తాగాడు.

పెద్దమ్మ తలుపు దగ్గర నుంచే అడిగింది. "గిది అడిగినట్టా, అడగనట్టా?"

పటేలు మీసం మీది నురగ తుడుచుకొని కోడలి వైపు చూడకుండా, "టైర్లాయనకు ఫోన్ చేసి చెప్పు, సాయంత్రం రావొద్దని. గది ఇచ్చినమని చెప్పు" అన్నాడు. ఎవరికి ఇచ్చావని పెద్దమ్మ అడిగితే, "నన్నేమడుగుతవ్, నీ కోడల్ని అడుగు" అని లేచి మిల్లు వైపు పోయాడు. శిరీషమ్మ ఖాళీ కప్పులు తీసుకొని లోపలికి పోయింది. మిషన్ ముందు నిలబడి ఆవిరి గొట్టం తడి గుడ్డతో తుడిచింది. పాలకు ఆవిరి పట్టిన ప్రతిసారీ తుడవాలని నేను చెప్పిన పని అది. అంత సంతోషంలోనూ మరిచిపోలేదు.

సూర్యాపేట దుకాణానికి పెద్ద మిషన్ కొన్నప్పుడు కూడా నన్నే పిలిచింది. అదీ విప్పించే చూశాను. దుకాణంలో నీళ్లకు రంగు చుక్కలు వేసి చూడటం పనివాళ్లకు నేర్పాను. నిమ్మ ఉప్పుతో మిషన్ కడిగే రోజును వాళ్లు ఇన్‌స్పెక్షన్ అంటారు. 2014లో నేను రిటైరైన నాటికి ఆ దుకాణం నడుస్తూనే ఉంది. ఇంట్లో ఉన్న స్టీలు మిషన్ కూడా నడుస్తూనే ఉంది, రాయి పట్టడం వల్ల ఒక్క వాషరు మార్చాల్సి వచ్చింది. అది నేనే మార్చాను.

బాయిలర్ అటెండెంటుకు పరీక్షలో అడిగేవన్నీ యంత్రాన్ని ఎట్లా కాపాడాలనే ప్రశ్నలే. అది అవసరం, అందులో తేలికగా తీసుకునేది ఏమీ లేదు. కానీ యంత్రానికి మంచిదైనదల్లా దాని నుంచి వచ్చే సరుకుకు మంచిది కాదు. రెండింటిలో దేనికి ఎంత ఇవ్వాలో తేల్చుకొని, ఆ తేడాకు తగ్గట్టు ఎప్పటికప్పుడు విప్పి కడగాలి. మిల్లులో అన్నేళ్లు చేసినా ఇది నాకు స్పష్టంగా తెలిసింది ఆ చిన్న బాయిలర్ దగ్గరే.